ఒక నిమిషానికి ఎన్ని శ్వాసలు?
(ఆరోగ్య పాఠం)



వార్డులో చేరిన ప్రతి రోగికి మేము నాలుగు లెక్కలు చూస్తాము. అవి జ్వరం, నాడి, రక్తపోటు, శ్వాస. మొదటి మూడింటిని గురించి బంధువులు తప్పక అడుగుతారు. "జ్వరం ఎంతున్నది సిస్టర్? బీపీ ఎంతున్నది?" అన్న మాట వినని రోజు లేదు. "నిమిషానికి ఎన్నిసార్లు శ్వాస తీస్తున్నడు?" అని అడిగేవారు మాత్రం చాలా అరుదు. నిజానికి రోగి పరిస్థితి దిగజారుతున్నదని తరచుగా అన్నిటికంటె ముందు చెప్పేది శ్వాసే.

ఇటీవలి సంవత్సరాలలో శ్వాసను దానంతట అదే లెక్కపెట్టి, వైరు లేకుండానే ఆ లెక్కను ఫోనుకో, నర్సు బల్ల మీది తెరకో పంపే చిన్న పరికరాలు తయారవుతున్నాయి. వాటిలో ఒకటి మన హైదరాబాదు వారు చేసినదే. కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు నుండి వచ్చే కుటుంబాలవారు, ముఖ్యంగా నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను ఇంటికి తీసుకుపోయే తల్లిదండ్రులు, "అసుంటి మిషను ఒకటి కొనుక్కోమంటరా సిస్టర్?" అని అడుగుతున్నారు. మంచి ప్రశ్న. దానికి ఒక్క మాటలో జవాబు చెప్పలేము. శ్వాస లెక్క ఎందుకు ముఖ్యమో, ఈ పరికరాలు ఎట్లా పని చేస్తాయో, అవి చేయలేనిది ఏమిటో ఈ పాఠంలో తెలుసుకుందాము.

శ్వాస ఎందుకు ముందుగా మారుతుంది?

మన ఊపిరితిత్తులలో ద్రాక్ష గుత్తుల వంటి సన్నని గాలి సంచులు కోట్ల కొలదిగా ఉంటాయి. మనం పీల్చిన గాలిలోని ఆక్సిజన్ వీటి పలుచని గోడ గుండా రక్తంలోకి పోతుంది. రక్తంలోని బొగ్గుపులుసు వాయువు బయటికి వస్తుంది. న్యుమోనియా, అంటే మనం నెమ్ము అనే జబ్బు వచ్చినప్పుడు, కొన్ని గాలి సంచులు చీముతో, నీటితో నిండిపోతాయి. అవి నిండిన మేరకు ఒక్కొక్క శ్వాస వలన కలిగే లాభం తగ్గిపోతుంది.

మెదడు అడుగు భాగంలో శ్వాసను నడిపించే కేంద్రం ఒకటి ఉన్నది. లోపల కొరత ఏర్పడిందని దానికి వెంటనే తెలుస్తుంది. ఒక బిందెతో తెచ్చే నీళ్ళు సరిపోనప్పుడు ఇంకొక బిందె తెచ్చుకుంటాము గదా, అట్లాగే అది "ఎక్కువసార్లు పీల్చు" అని ఆజ్ఞ ఇస్తుంది. శ్వాస వేగం పెరుగుతుంది.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గమనించండి. శ్వాస వేగం పెరగడం వలన రక్తంలో ఆక్సిజన్ కొంతకాలం బాగానే నిలబడుతుంది. వేలికి పెట్టే ఆక్సీమీటర్ 96 శాతం చూపిస్తూనే ఉంటుంది. కానీ ఆ 96ను నిలబెట్టడానికి బిడ్డ పడే శ్రమ ఆ అంకెలో కనిపించదు. ఆ బిడ్డ అలసిపోయినప్పుడు అంకె త్వరగా పడిపోతుంది. అందుచేత ఆక్సీమీటర్ బాగానే చూపిస్తున్నా, సంవత్సరం లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు శ్వాస తీస్తుంటే మేము నిశ్చింతగా ఉండము. మీరు కూడా ఉండవద్దు.

ఎంత ఉంటే ఎక్కువ?

చిన్నపిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దులు ఇవి. మన ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు కూడా వీటినే వాడుతారు. మీ ఇంట్లో గోడ క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి.

2 నెలల లోపు బిడ్డకు: నిమిషానికి 60 గాని, అంతకు మించి గాని ఉంటే వేగం ఎక్కువ.
2 నెలలు నిండి 12 నెలల లోపు బిడ్డకు: 50 గాని, అంతకు మించి గాని.
12 నెలలు నిండి 5 సంవత్సరాల లోపు బిడ్డకు: 40 గాని, అంతకు మించి గాని.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవారు విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 12 నుండి 20 సార్లు శ్వాస తీస్తారు. కోవిడ్ రోగులను ఇంటి వద్ద ఉంచి చూసుకోవడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2022 జనవరిలో ఇచ్చిన సూచనలలో, శ్వాస 24 దాటితే వెంటనే వైద్య సహాయం పొందవలెనని చెప్పారు. ఏ జబ్బుకైనా ఈ అంకె గుర్తుంచుకోదగినదే.

లెక్కించే పద్ధతి

దీనికి మిషను అవసరం లేదు. సెకన్లు చూపే గడియారం గాని, ఫోను గాని చాలు.

1. బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు లెక్కించండి. నిద్రలో ఉంటే ఇంకా మంచిది. ఏడుస్తున్నప్పుడు, పాలు త్రాగుతున్నప్పుడు లెక్క సరిగా రాదు.
2. వెలుతురు ఉన్న చోట అంగీ పైకి ఎత్తి పొట్టను, రొమ్మును చూడండి. చిన్నపిల్లలు పొట్టతో శ్వాస తీస్తారు.
3. పొట్ట పైకి లేచి, కిందికి దిగితే ఒకటి. లేవడం ఒకటి, దిగడం ఒకటి అని రెండుగా లెక్కించవద్దు.
4. పూర్తిగా ఒక నిమిషం లెక్కించండి. 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చిస్తే చాలునని కొందరు అనుకుంటారు. చిన్నపిల్లల శ్వాస ఒక లయలో ఉండదు. కొంతసేపు వేగంగా, కొంతసేపు మెల్లగా ఉంటుంది. 15 సెకన్లలో ఒక్క శ్వాస పొరబడితే నిమిషానికి నాలుగు తేడా వస్తుంది.
5. లెక్క ఎక్కువ వచ్చితే మరొక నిమిషం లెక్కించి చూడండి. రెండోసారి కూడా ఎక్కువే వస్తే అది నిజమైన వేగమే.
6. సమయం, అంకె రెండూ కాగితం మీద రాయండి.

ఇద్దరు ఉంటే ఇంకా సులభం. ఒకరు గడియారం చూడాలి, ఒకరు పొట్టను చూడాలి. ఒకే మనిషి రెండూ చూస్తే లెక్క తప్పే అవకాశం ఉంటుంది. పరికరాల అవసరం మొదలైనది కూడా ఈ చిక్కు నుండే.

పూసల నుండి పట్టీ వరకు

మన రాష్ట్రానికి ఆనుకొని, ప్రాణహిత నదికి అవతల మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా ఉన్నది. ఆ జిల్లాలోని సిరోంచ ప్రాంతంలో తెలుగు మాట్లాడేవారు ఎందరో ఉన్నారు. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు "సెర్చ్" అనే సంస్థను స్థాపించి గ్రామాలలో పని మొదలుపెట్టారు. పల్లెలలో పసిపిల్లల మరణాలకు న్యుమోనియా పెద్ద కారణమని వారు చూశారు. డాక్టర్లు లేని ఊళ్ళలో దానిని గుర్తించవలసింది మంత్రసానులు, గ్రామ కార్యకర్తలు. అయితే మంత్రసానులలో చాలామందికి 50, 60 వరకు లెక్కపెట్టడం రాదు.

దానికి వారు చేసిన ఉపాయం చాలా సులువైనది. ఒక చిన్న చట్రంలో పూసలు, దానితో పాటు ఒక్క నిమిషంలో ఖాళీ అయ్యే ఇసుక గడియారం. పది శ్వాసలకు ఒక పూస జరపాలి. ఇసుక అయిపోయేసరికి పూసలు ఎంతవరకు వచ్చాయో చూస్తే చాలు. పది వరకు లెక్క వచ్చిన ప్రతి స్త్రీ న్యుమోనియాను అనుమానించగలిగింది. గ్రామస్థుల చేత న్యుమోనియాను గుర్తింపజేసి, మందు ఇప్పించి పిల్లల మరణాలను తగ్గించవచ్చునని గడ్చిరోలి పని 1990లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వెలువడింది. ఇంటి వద్దనే నవజాత శిశువులకు చేసిన సేవ వలన ఆ గ్రామాలలో పసికందుల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో అదే పత్రికలో ప్రచురించారు. ఈనాడు మన ఊళ్ళలో ఆశా కార్యకర్త బాలింత ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ రోజులలో వచ్చి బిడ్డను చూసే పద్ధతికి గడ్చిరోలి అనుభవమే ఆధారం. ఆమె సంచిలో త్రాసు, థర్మామీటరుతో పాటు గడియారం ఉండేది కూడా శ్వాస లెక్కించడానికే.

ఆ తర్వాత యునిసెఫ్ వారు ఒక చిన్న టైమరును ఆరోగ్య కార్యకర్తలకు అందజేశారు. అది సెకనుకు ఒకసారి టిక్కుమంటూ, 30 సెకన్లకు ఒకసారి, నిమిషం నిండినప్పుడు ఒకసారి కూత పెడుతుంది. కార్యకర్త కళ్ళు గడియారం మీదికి పోకుండా బిడ్డ పొట్ట మీదనే నిలుస్తాయి. అయినా లెక్కపెట్టేది మనిషే.

మనిషి లెక్కపెట్టకుండా పరికరమే లెక్కించి, ఎక్కువో కాదో చెప్పేటట్లు చేయాలని యునిసెఫ్ ఇంకొక ప్రయత్నం చేసింది. దాని పేరు "అరిడా". అందులో ఫిలిప్స్ కంపెనీ తయారు చేసిన పట్టీ ఒకటి. దానిని బిడ్డ పొట్ట చుట్టూ కట్టితే, పొట్ట కదలికను బట్టి శ్వాసలను లెక్కిస్తుంది. ఇథియోపియా, నేపాల్ దేశాలలో గ్రామ కార్యకర్తల చేత దీనిని వాడించి పరీక్షించారు.

వైరు లేని పరికరం ఎట్లా పని చేస్తుంది?

పేరు ఏదైనా, ఇటువంటి పరికరంలో నాలుగు భాగాలు ఉంటాయి. పట్టేది, లెక్కించేది, పంపేది, చెప్పేది.

పట్టేది అంటే సెన్సర్. శ్వాసను పట్టడానికి కొన్ని దారులు ఉన్నాయి. ఒకటి, రొమ్ము లేక పొట్ట కదలికను పట్టడం. ఫోనును అడ్డంగా తిప్పితే బొమ్మ కూడా తిరుగుతుంది గదా, ఆ తిరగడాన్ని తెలుసుకునే చిన్న బిళ్ళ వంటిదే ఇక్కడా పని చేస్తుంది. రెండవది, ముక్కు దగ్గర వేడిని పట్టడం. బయటికి వచ్చే శ్వాస వెచ్చగా, లోపలికి పోయేది చల్లగా ఉంటుంది. ఆ తేడా ఒక్కసారి వచ్చితే ఒక శ్వాస. మూడవది, చర్మంలోకి వెలుగు పంపి రక్తపు అలలలో శ్వాసతో పాటు వచ్చే హెచ్చుతగ్గులను చూడడం. నాలుగవది, పరుపు కింద పలుచని షీటు పరచి శరీరపు సన్నని కదలికలను పట్టడం. బెంగళూరుకు చెందిన "డోజీ" అనే సంస్థ ఈ నాలుగవ పద్ధతిని వాడుతున్నది. రోగి ఒంటికి ఏమీ తగిలించనవసరం లేదు.

లెక్కించేది చిన్న చిప్పు. కదలికలలో శ్వాస ఏదో, బిడ్డ కాళ్ళు ఆడించడం ఏదో వేరుచేసి చూడడం దాని పని. పంపేది రేడియో భాగం. బ్లూటూత్ అయితే సుమారు 10 మీటర్ల దూరం, అంటే ఒక గది వరకు బాగా పని చేస్తుంది. మధ్యలో గోడలు ఉంటే తగ్గుతుంది. వైఫై గాని, సెల్ టవరు గాని అయితే ఇంకా దూరం పంపవచ్చు. చెప్పేది ఫోను, లేక నర్సు దగ్గరి తెర. హద్దు దాటగానే గంట మ్రోగుతుంది.

ఇవి తక్కువ ఖర్చులో ఎట్లా సాధ్యమైనవి? సెల్ ఫోన్ల కోసం ఇటువంటి సెన్సర్లను, రేడియో చిప్పులను ప్రపంచంలో కోట్ల సంఖ్యలో తయారు చేయడం వలన వాటి ధర బాగా తగ్గింది. ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులు కూడా వాటిని కొని పరికరం తయారు చేయగలుగుతున్నారు. అసలు ఖర్చంతా, అసలు కష్టమంతా పరీక్షలో ఉన్నది. ఆరోగ్యవంతుడైన విద్యార్థి మీద సరిగా లెక్కించిన పరికరం, ఒకటిన్నర కిలో బరువున్న బిడ్డ మీద కూడా సరిగా లెక్కిస్తుందని రుజువు చేయడమే కష్టం.

మన దగ్గర జరిగిన పని

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల విషయం వేరు. వారిలో మెదడులోని శ్వాస కేంద్రం ఇంకా పూర్తిగా ఎదగలేదు. గనుక శ్వాస వేగం పెరగడమే కాక, ఒక్కోసారి శ్వాస తీయడం మరచినట్లు ఆగిపోతుంది. 5, 10 సెకన్లు ఆగి మళ్ళీ మొదలుకావడం చాలామంది పసికందులలో ఉంటుంది. అదే 20 సెకన్లు ఆగితే, లేక అంతకు తక్కువైనా బిడ్డ నీలంగా మారితే, నాడి మెల్లబడితే అది ప్రమాదం. అప్పుడు సిస్టర్ చేసే మొదటి పని చాలా చిన్నది. బిడ్డ అరికాలు మీద వేలితో తట్టడం, వీపు మీద రాయడం. చాలాసార్లు ఆ తాకిడికే బిడ్డ మళ్ళీ శ్వాస తీస్తుంది. కానీ ఆ 20 సెకన్లలో ఎవరో ఒకరు చూసి ఉండాలి. ఒక్క సిస్టర్ ఎందరో బిడ్డలను చూసుకునే చోట అదే కష్టం.

మన పక్క జిల్లా సంగారెడ్డిలోని కంది వద్ద ఐఐటీ హైదరాబాదు ఉన్నది. అక్కడి హెల్త్‌కేర్ ఎంట్రప్రెన్యూర్‌షిప్ కేంద్రంలో యువ ఇంజనీర్లు ఆసుపత్రులలోని అవసరాలను చూసి పరికరాలు తయారు చేస్తారు. ప్రత్యూష పారెడ్డి, మనోజ్ శంకర్ అనే ఇద్దరు అక్కడి నుండి "నెమోకేర్" అనే సంస్థను మొదలుపెట్టి, పసికందు పాదానికి తొడిగే చిన్న పరికరాన్ని రూపొందించారు. దాని పేరు "రక్ష". బిడ్డ ఒంటి వేడి, నాడి, శ్వాస, ఆక్సిజన్ చూసి, తేడా వస్తే వైరు లేకుండా నర్సులకు తెలియజేయడం దాని ఉద్దేశం. బెంగళూరులో "బెంపు" సంస్థవారు ఇంకొక అడుగు వేశారు. వారి "ఆప్నీబూట్" పరికరం బిడ్డ శ్వాస ఆగినట్లు తెలియగానే పాదం వద్ద తానే కంపిస్తుంది. సిస్టర్ అరికాలు తట్టే పనినే అది చేస్తుంది.

వైరు లేకపోవడం వలన ఇంకొక గొప్ప మేలు ఉన్నది. తక్కువ బరువు బిడ్డను తల్లి రొమ్ముపై చర్మానికి చర్మం తగిలేటట్లు పెట్టుకోవడాన్ని కంగారూ సంరక్షణ అంటాము. ఇది 1978లో కొలంబియా దేశంలోని బొగోటా నగరంలో మొదలైనది. పుట్టిన వెంటనే ఈ విధంగా చేస్తే తక్కువ బరువు బిడ్డల మరణాలు 25 శాతం తగ్గాయని, మన దేశంతో పాటు నాలుగు ఆఫ్రికా దేశాలలో చేసిన అధ్యయనం 2021లో తేల్చింది. ఒంటినిండా వైర్లు ఉన్న బిడ్డను ఎత్తుకోవడానికి తల్లి భయపడుతుంది. పాదానికి ఒక చిన్న పట్టీ మాత్రమే ఉంటే భయం లేదు. తల్లి అలసిపోయినప్పుడు అమ్మమ్మ, నాయనమ్మ, తండ్రి కూడా పెట్టుకోవచ్చు.

పరికరం చేయలేనివి

ఇంత మేలు చెప్పిన తర్వాత దాని హద్దులు కూడా చెప్పవలెను.

పరికరం శ్వాసను లెక్కిస్తుంది గాని బిడ్డను చూడదు. డొక్కలు లోపలికి పోతున్నాయా, మూలుగుతున్నదా, ముక్కు రంధ్రాలు ఎగురుతున్నాయా, పాలు మానేసిందా, పెదవులు నీలంగా ఉన్నాయా, పిలిస్తే కళ్ళు తెరవడం లేదా? ఇవి తల్లి కళ్ళకే కనిపిస్తాయి. "పక్కలెగరేస్తున్నది సిస్టర్" అని మన తల్లులు చెప్పే మాట పుస్తకంలోని మొదటి ప్రమాద చిహ్నమే. ఈ గుర్తులలో ఏ ఒక్కటి ఉన్నా అంకె ఎంత ఉన్నదని చూడవద్దు. వెంటనే బయలుదేరండి.

పట్టీ వదులైతే, బిడ్డ కదిలితే, ఏడిస్తే లెక్క తప్పుతుంది. ఆక్సీమీటర్ అయితే వేలు చల్లబడినా, గోరింటాకు, గోళ్ళ రంగు ఉన్నా పొరపాటు చూపవచ్చు. నల్లని చర్మం ఉన్నవారిలో ఆక్సిజన్ ఉన్నదానికంటె కొంచెం ఎక్కువ చూపే అవకాశం ఉన్నదని 2020లో అమెరికాలో జరిగిన అధ్యయనం తెలిపింది. గనుక ఒక్క అంకెను నమ్మి కూర్చోవద్దు. పైన చెప్పిన కోవిడ్ సూచనలలో కూడా ఒక గంటలో కనీసం మూడుసార్లు చూసి 93 గాని, అంతకు తక్కువ గాని ఉంటే వైద్య సహాయం పొందమన్నారు.

ఇంకొకటి, ఊరకే మ్రోగే గంటలు. పట్టీ జారినా గంట, బిడ్డ కాలు విదిలించినా గంట. పదిసార్లు ఊరకే మ్రోగిన తర్వాత పదకొండవసారి ఎవరూ లేచి చూడరు. ప్రపంచంలో పెద్ద పెద్ద ఐసీయూలలోనే ఇది ఒక సమస్య. ఇంట్లో అయితే రెండు రాత్రులు నిద్ర లేని తల్లి మూడవ రాత్రి దానిని కట్టివేస్తుంది.

గంట మ్రోగితే ఎవరు లేస్తారు?

ఒక ఉదాహరణ చెప్పుకుందాము. లింగంపేట వైపు ఒక తండాలో తొమ్మిది నెలల బిడ్డకు మూడు రోజులుగా సర్ది, దగ్గు ఉన్నవి. రాత్రి 8 గంటలకు శ్వాస నిమిషానికి 56. ఆ వయసుకు హద్దు 50. పాలు ఇంకా త్రాగుతున్నది, నవ్వుతున్నది కూడా. ఆ ఇంట్లో ఎవరూ లెక్కించలేదని అనుకుందాము. రాత్రి 2 గంటలకు డొక్కలు ఎగురవేయడం మొదలై, పాలు మానేస్తుంది. అప్పుడు బండి వెదకాలి, డబ్బు వెదకాలి, తోడు రమ్మని పెద్దమనిషిని లేపాలి. ఎల్లారెడ్డి నుండి కామారెడ్డికే సుమారు 40 కిలోమీటర్లు. తండా నుండి రోడ్డు మీదికి రావడం వేరే ప్రయాణం.

అదే 8 గంటలకు లెక్కించి ఉంటే? ఆశా కార్యకర్త మేలుకొనే ఉన్నది. ఆటో దొరుకుతుంది. బిడ్డకు ఇంకా బలం ఉన్నది. ఆ దశలో చాలామంది పిల్లలకు డాక్టరు చూసి నోటి ద్వారా ఇచ్చే మందుతోనే జబ్బు కుదురుతుంది. ఈ రెండు కథలకు తేడా ఆరు గంటలు. ఆ ఆరు గంటలను మనకు సంపాదించి పెట్టేది ఒక్క నిమిషం లెక్క.

ఇప్పుడు ఆ ఇంట్లో మంచి వైర్లెస్ పరికరం ఉన్నదని అనుకుందాము. 8 గంటలకు గంట మ్రోగింది. తల్లి చూసి, "అత్తమ్మా, బిడ్డకు దమ్ము ఎక్కువున్నదట, పోదామా?" అన్నది. "పొద్దుగాల చూద్దాం తియ్" అన్నారు. ఆ పరికరం తన పని తాను చేసింది. కానీ బిడ్డకు మేలు జరగలేదు. కాబట్టి పరికరం కొనడానికి ముందు ఇంటిల్లిపాది కూర్చొని ఒక నిర్ణయం చేసుకోవలెను. అంకె దాటితే ఎవరినీ అడగకుండా బయలుదేరడానికి తల్లికి అధికారం ఉన్నదా? బండికి డబ్బు ఎక్కడ ఉన్నది? 108కు ఫోను ఎవరు చేస్తారు? 2005లో హైదరాబాదు కేంద్రంగా మొదలైన ఈ 108 అంబులెన్సుకు మీరు పైసా ఇవ్వనవసరం లేదు. పసరు పోయించడానికి, పొట్ట మీద వాతలు పెట్టించడానికి పోయే గంట కూడా బిడ్డ ఆయుష్షులో నుండి పోయే గంటే.

ప్రశ్నలు – జవాబులు

ఇంట్లో శ్వాస పరికరం కొనవలెనా?
ఆరోగ్యంగా పుట్టిన బిడ్డకు అవసరం లేదు. నిద్రలో ఆకస్మికంగా జరిగే శిశు మరణాలను నివారించడానికి ఇంటి మానిటర్లు కొనవద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా చెప్పుచున్నది. బిడ్డను వెల్లకిల పడుకోబెట్టడం, ముఖం మీదికి దుప్పటి రాకుండా చూడడం, ఇంట్లో బీడీ పొగ లేకుండా చేయడం అంతకంటె మేలు. నెలలు నిండని బిడ్డకు పరికరం కావాలో లేదో డాక్టరు చెప్పవలెను. శ్వాస ఆగుతున్న బిడ్డను పరికరం ఇచ్చి ఇంటికి పంపరు, ఆసుపత్రిలోనే ఉంచుతారు.

ఫోను కెమెరా మీద వేలు పెడితే ఆక్సిజన్ చెప్పే యాప్ నమ్మవచ్చునా?
నమ్మవద్దు. దాని అంకెను చూసి రోగిని ఇంట్లో ఉంచుకోవడం ప్రమాదం.

కొంటే ఏమి చూసి కొనవలెను?
2020 ఏప్రిల్ 1 నుండి మన దేశంలో వైద్య పరికరాలన్నీ ఔషధాల చట్టం కిందికి వచ్చాయి. పెట్టె మీద తయారీదారు పేరు, లైసెన్సు నంబరు ఉన్నదా చూడండి. బిల్లు తీసుకోండి. పెద్దల ఆక్సీమీటర్ పసిబిడ్డ వేలికి సరిపోదు. కొన్న తర్వాత ఒకసారి ఆసుపత్రికి తెచ్చి మా పరికరంతో పోల్చి చూసుకోండి.

జ్వరం ఉంటే శ్వాస వేగంగానే ఉంటుంది గదా?
నిజమే, కొంత పెరుగుతుంది. జ్వరం తగ్గిన తర్వాత మళ్ళీ లెక్కించండి. అప్పుడు కూడా హద్దు దాటి ఉంటే చూపించండి. ప్రమాద చిహ్నాలు ఉంటే జ్వరం తగ్గేవరకు ఆగవద్దు.

దమ్ము, గుండె జబ్బు ఉన్న పెద్దవారికి ఈ లెక్క పనికివస్తుందా?
తప్పక పనికివస్తుంది. ఏళ్ళ తరబడి బీడీలు త్రాగినవారికి, కట్టెల పొయ్యి దగ్గర పొగ పీల్చిన తల్లులకు ఆరోగ్యంగా ఉన్న రోజున కూడా శ్వాస 20, 22 ఉండవచ్చు. కనుక బాగున్న రోజున మీ స్వంత అంకె తెలుసుకోండి. వారానికి ఒకసారి, ఉదయం లేచి కూర్చొన్న తర్వాత, ఇంటివారి చేత లెక్కింపజేసుకోండి. మీరే లెక్కించుకుంటే శ్వాస మీద ధ్యాస పోయి లెక్క మారిపోతుంది. మామూలు అంకె కంటె నాలుగైదు పెరిగి అట్లాగే నిలిచిపోతే, కాళ్ళ వాపు గాని, రాత్రి పడుకోలేకపోవడం గాని ఉంటే, ఇన్హేలరు మీద ఇన్హేలరు పీల్చుతూ ఆగక రండి.

ఈ వారం చేయవలసిన అభ్యాసం

ఈ పత్రిక మీ చేతిలో ఉండగానే ఇంట్లో నిద్రపోతున్న ఒక బిడ్డ దగ్గర కూర్చొని ఒక నిమిషం లెక్కించండి. జబ్బు లేని రోజున నేర్చుకుంటేనే జబ్బు రోజున చేయి ఆడుతుంది. తర్వాత నాయనమ్మకు, తాతకు, బడికి పోయే పెద్ద పిల్లలకు నేర్పండి. ఎవరి అంకె వారి పేరు పక్కన క్యాలెండరు మీద రాయండి. దాని కిందనే ఆశా కార్యకర్త ఫోను నంబరు, 108, ఊళ్ళో రాత్రిపూట రాగల ఒక ఆటో నంబరు రాయండి. ఈసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు ఆ కాగితం వెంట తెచ్చుకొండి. "నిన్న రాత్రి 8 గంటలకు 56 ఉన్నది సిస్టర్, పొద్దున 6 గంటలకు 62 అయ్యింది" అని మీరు చెప్పగలిగితే, ఏ బిడ్డను ముందు చూడవలెనో మాకు వెంటనే తెలుస్తుంది.